పోచంపల్లిలో బోర్డు లేని ఒక నేతింట ఏడు చీరల బేరం

భూదాన్ పోచంపల్లి ప్రధాన వీధిలో అద్దాల దుకాణాలు వరుసగా ఉన్నా, ఈసారి నేను చీరలు కొన్నది వెనక సందులో బోర్డు కూడా లేని ఒక నేత కుటుంబం దగ్గర. హైదరాబాదు నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరం. ఇంటి ఆనవాలు టీ కొట్టు ఆయనను అడిగి తెలుసుకున్నాను.

ముందుగదిలో రెండు మగ్గాలు, బీరువాలో పట్టుమని పాతిక కూడా లేని చీరలు, సరుకంతా ఇంతే. అడుగు పెట్టగానే ఆ ఇంటి పెద్దావిడ, "ఎవరికి బిడ్డా చీర? రోజు కట్టేదా, పెండ్లికా?" అని ఆరా తీశారు, ధర మాట అరగంట దాకా రాలేదు.

నాకు కావలసింది నేరేడు రంగు మీద తెల్లని గళ్లు. అలాంటిది లేదు. ఒక్కటి నేసి ఇవ్వలేరా అని అడిగితే, కుదరదని ఊరుకోకుండా ఆవిడ కొడుకు మగ్గం దగ్గరికి తీసుకెళ్లి కారణం చూపించారు. గళ్లు పడుగులోనే, అంటే నిలువు పోగుల్లోనే రావాలి కనుక, గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, పట్టుపోగులకు రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టాలి. వాళ్ల మగ్గం మీద ఒకసారి ఎక్కించిన పడుగుకు ఏడు చీరలు దిగుతాయి. ఒక్క చీర కోసం అంత పని పెట్టుకుంటే మిగిలిన ఆరూ ఎవరు కొంటారన్నది ఆయన బెంగ.

"కొనేవాళ్లను నేను చూస్తే?" అన్నాను. ఆ రాత్రే చెల్లెలికి, మేనత్తకు, ఇద్దరు తోడికోడళ్లకు, డల్లాస్‌లో ఉన్న మరదలికి గ్రాఫ్ ఫోటో పంపాను. నాతో కలిపి ఆరుగురం తేలాం. చీర 9,800 రూపాయలు, సగం ముందుగా. ఇటువంటిదే నగరంలో ఒక దుకాణంలో 14,000కు చూశాను గనుక మాకు లాభమే. ఆయన లాభం మరో రకం: మామూలుగా షావుకారు పట్టు ఇస్తాడు, చీర తీసుకుంటాడు, నేసినవారికి కూలి మిగులుతుంది, ఈసారి మా బయానాతో పట్టు తామే కొన్నామని, పడుగు మొత్తం తమదే కావడం చాలా రోజుల తరువాత ఇదేనని ఆయన చెప్పారు.

గది మూలన ఉన్న ఆసు యంత్రం గురించి కూడా అడిగాను. చిటికి కట్టే ముందు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పరచడమే ఆసు పోయడం. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించి తల్లి భుజాలు నొప్పులు పడటం చూసి, ఈ పని యంత్రం ఎందుకు చెయ్యకూడదని మొదలుపెట్టి, 1999లో సాధించి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు; 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పెద్దావిడ తన కుడి భుజం తడుముకుంటూ, ఆ మిషను రాకముందు రాత్రి అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయేదాన్నని అన్నారు.

అచ్చు వేసిన చీరకూ చిటికి చీరకూ తేడా ఏమిటని అడిగితే కొడుకు ఒక చీర వెనక్కి తిప్పి చూపించారు: చిటికి చీరకు రెండు వైపులా రంగు సమానంగా ఉండాలి, గళ్ల అంచులు కత్తిరించినట్టు కాక కొద్దిగా చెదరాలి.

లోపాలూ ఉన్నాయి. నలభై రోజులన్నది రెండు నెలలైంది. మధ్యలో ఫోను ఎత్తలేదు, అది మాత్రం నాకు నచ్చలేదు. అడిగితే తప్ప రశీదు రాయరు. ఒక చీరలో పేక (అడ్డపోగు) చార పడితే ఆయనే ముందుగా చూపించి 500 తగ్గించారు. మేనత్త దాన్నే తీసుకుంది.

పేక రంగు మార్చినందువల్ల ఏడో చీర మిగతావాటికన్నా కాస్త ముదురు ఛాయలో వచ్చింది. నేను చివరిసారి వెళ్లినప్పటికి అది ఇంకా ఆ బీరువాలోనే ఉంది; పై అరలో కాదు, కింద అరలో, అడిగితేనే తీస్తారు.