మట్టా, బొడ్రాయా, చెట్టా? రక్తపిశాచుల వంశాన్ని ఓరుగల్లు నేలకు కట్టెయ్యాలంటే ఏది మేలు?

ఆదివారం సాయంత్రాలు మేము నలుగురం హనుమకొండలో ఒక మిద్దె మీది గదిలో కూర్చుని పాచికలతో కథ నడుపుకుంటాం. ఒకరు కథ చెబుతారు, ముగ్గురు పాత్రలవుతారు. ఈ ఏడాది చెప్పే వంతు నాది. పుట్టిన నేలను విడిచి ఉండలేని రక్తపిశాచుల వంశాన్ని మన వైపు దించాలన్నది నా పట్టుదల. దించడం తేలికే, కట్టెయ్యడమే కష్టం. దేనితో కట్టాలి?

మూలం మనది కాదు. 1991లో వచ్చిన 'వాంపైర్: ది మాస్కరేడ్' అనే ఆటలో జిమిసీ అనే వంశం ఉంది. కార్పేథియన్ కొండల వైపు వాళ్లు, మహా పంతగాళ్లు, తమ నేలకు తామే దొరలు. వాళ్లకొక శాపం. తమకు సొంతమైన చోటి మట్టి కనీసం రెండు గుప్పిళ్లు పక్కన లేనిదే పగటి నిద్ర పట్టదు. మట్టి లేకుండా గడిచిన ప్రతి రోజుకూ బలం సగానికి పడిపోతుంది. నిన్న పది పాచికలు వేసినవాడు ఇవాళ అయిదే వేస్తాడు, రేపు రెండు, ఆపైన ఒక్కటి.

ఈ నిబంధన చదివి వినిపించగానే మాలో అందరికంటే చిన్నవాడు నవ్వాడు. "అన్నా, ఇది శాపమా, లగేజీ నిబంధనా?" అతని అన్న దుబాయిలో పనిచేస్తాడు. ఊరి నుంచి వెళ్లే ప్రతి సంచిలోనూ మామిడికాయ తొక్కు డబ్బా ఉంటుంది. దాని పక్కన రెండు గుప్పిళ్ల మట్టి పొట్లం పెట్టుకుంటే పిశాచి ఎక్కడైనా హాయిగా బతికేయవచ్చుగా అన్నది అతని వాదన.

నిజమే. మట్టితో వచ్చిన చిక్కంతా అదే, అది మోసుకుపోయే వస్తువు. 1897 నాటి 'డ్రాక్యులా' నవలలో రక్తపిశాచి అయిన కౌంట్ డ్రాక్యులా తన నేల మట్టిని 50 పెట్టెల్లో నింపి ఓడ మీద ఇంగ్లండుకు పంపుకున్నాడు. వెంటపడినవాళ్లు 49 పెట్టెలను పనికిరాకుండా చేస్తే, మిగిలిన ఒక్క పెట్టెతో వచ్చిన దారినే పారిపోయాడు. కథ చెప్పేవాడికి ఇందులో ఒక సుఖం లేకపోలేదు. పెట్టెలను లెక్కపెట్టవచ్చు, వెతకవచ్చు, పగలగొట్టవచ్చు. కానీ నేలకు కట్టుబడినవాడు నేలనే మూటగట్టుకుని బయలుదేరితే ఇక ఆ కట్టు ఎందుకు?

అయినా మట్టిని ఒక పట్టాన వదల్లేకపోయాను. ఓరుగల్లు కోటకు లోపల రాతిగోడ, దాని చుట్టూ మట్టిగోడ. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో సాగిన పని అది. ఆ మట్టిగోడ ఇంకా ఉంది. పక్క నుంచి వెళ్లేవాళ్లు చాలామంది దాన్ని గుట్ట అనుకుంటారు. మా వంశం ఆ గోడ లోపలే పగలు నిద్రపోతుందని మొదట రాసుకున్నాను. 1323లో కోట పడిపోయాక ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తరలిస్తుండగా నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస శాసనం చెబుతుంది. తన ఇష్టంతోనే ప్రాణం విడిచాడని 1423 నాటి కలువచేరు శాసనం మాట. ఆ రాజును పిశాచిని చేసే పాపం నాకొద్దు. కానీ నేల దాటి కొంత దూరం పోయాక ప్రాణం ఇక ముందుకు నడవదన్న ఊహ మాత్రం అక్కడిదే. గుప్పెడు మట్టి వెంట ఉన్నా ఆగని చావు అది.

ఇంకొక్క మాట చెప్పి మట్టి సంగతి ముగిస్తాను. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీసి ట్రాక్టర్లతో చేలకు తోలారు. తీసినప్పుడు ఆ మన్ను నల్లగా, జిగటగా ఉంటుంది, చిన్న చిన్న గుల్లలు అంటుకుని ఉంటాయి. ఎర్ర చెలక మీద కుప్పలుగా పోస్తే రెండు రోజుల ఎండకు బూడిదరంగుకు తిరిగి, పలుగు తగలగానే పెళుసుగా విరుగుతుంది. వంశం కట్టుబడింది చెరువు మట్టికే అయితే, ఆ వేసవిలో ఒక్కో ట్రక్కుతో వాళ్ల రాజ్యం చేను చేనుకూ పాకిపోయిందన్నమాట! దీని మీద రెండు ఆదివారాలు బ్రహ్మాండంగా ఆడాం. ఎవరి మిరప తోటలో ఎవరు నిద్రపోతున్నారో తెలియక పాత్రలు హడలిపోయాయి. ఆటకు బాగుంది. వంశానికి మాత్రం శాపం కాస్తా వరమైపోయింది.

చెట్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బేతాళుడు మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. మౌనం భంగం కాగానే శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కుతాడు. చోటుకు కట్టుబడడం అంటే అచ్చంగా అదే. కానీ అతను ఒంటరి. చెట్టుకు వంశం కూర్చోదు, చెట్టు కొట్టేస్తే కథా అయిపోతుంది.

ఇక బొడ్రాయి. ఊరి నడిబొడ్డున పాతే రాయి కాబట్టి బొడ్డురాయి, అదే బొడ్రాయి. చూడడానికి ఏమంత ఉండదు. మోకాలెత్తు రాయి, పసుపు, కుంకుమ, పక్కన వేపచెట్టు. దాన్ని మళ్లీ ప్రతిష్ఠించే పండుగ వచ్చిందంటే ఊరు ఊరంతా కదులుతుంది. పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డలందరికీ పిలుపు వెళ్తుంది. ఆ పూట ఎవరూ పొలిమేర దాటకూడదని చాలా ఊళ్లలో కట్టడి పెడతారు. బలి నెత్తురు కలిపిన అన్నాన్ని, అంటే పొలిని, ఊరి చుట్టూ చల్లుతారు. అంటే నెత్తురుకూ పొలిమేరకూ ముడి మనకు ముందే ఉంది. కొత్తగా నేను కల్పించాల్సింది ఏమీ లేదు.

ఈ ముడి వేశాక కథ గుణమే మారింది. మట్టికి కట్టుబడినవాడికి మనుషులతో పని లేదు. బొడ్రాయికి కట్టుబడినవాడికి ఊరు ఉండాలి, ఊళ్లో దీపాలు వెలగాలి, పండుగ నాడు ఎవరో ఒకరు వచ్చి పొలి చల్లాలి. ఊరు ఖాళీ అయితే అతనూ ఎండిపోతాడు. అందుకని ఊరి మీద పడి తాగేవాడు కాస్తా పక్క ఊరి పిశాచిని పొలిమేర దగ్గర నిలబెట్టే కావలివాడు అవుతాడు, కూలిగా ఊరి నెత్తురే అడుగుతాడు. అసలు ఆటను తయారుచేసినవాళ్లకూ ఇలాంటి ఆలోచనే వచ్చినట్టుంది. కొత్త కూర్పులో జిమిసీలు మట్టికి బదులు ఒక చోటునో, ఒక మనుషుల గుంపునో ఎంచుకుని వాళ్ల మధ్యే పగలు గడపాలి. వంశం అన్న మాట కూడా నాకు ఇక్కడే అతికింది. పాల్కురికి అని ఇంటిపేరు చెప్పగానే పాలకుర్తి కళ్లముందుకు వచ్చే నేల మనది. ఊరి పేరునే ఒంటి మీద వేసుకుని తిరిగేవాళ్లకు కార్పేథియన్ కొండలు ఎందుకు?

(మేడారం గద్దెల జోలికీ పోచమ్మ జోలికీ పోలేదు. కోట్లమంది మొక్కే తల్లులు మా పాచికలకు లోబడరు. బొడ్రాయి విషయంలోనూ నా పిశాచి రాయికి కాపలాదారే తప్ప రాయిలోని దేవత కాదని మొదటి రోజే గీత గీశాను.)

ఇన్నీ చూశాక నా ఓటు బొడ్రాయికే. పాత్రలు ఊరు వదిలి సూరత్‌కో భివండీకో మగ్గాల పనికి పోయే కథ అయితే మాత్రం మళ్లీ మట్టి మూటే మేలు. ఊళ్లోనే నడిచే కథకు అది పలుచన.

బొడ్రాయితోనూ ఒక చిక్కుంది, దాని మీదే ఇప్పుడు మా బల్ల రెండు ముక్కలైంది. మిడ్ మానేరు జలాశయం కింద ఊళ్లు మునిగాయి కదా, మా కథలోని ఊరినీ అలాగే ముంచాను. పాత బొడ్రాయి నీళ్ల కింద ఉండిపోయింది. పునరావాస కాలనీలో సిమెంటు రోడ్ల నడుమ కొత్త రాయి పాతుతున్నారు. వంశానికి పెద్ద దిక్కయిన ముసలామె ఒకప్పుడు ఆ ఊరి ఆడబిడ్డే. ఆడబిడ్డ కాబట్టి పిలుపు అందాల్సిందే. పిశాచి కాబట్టి పిలవనిదే గడప తొక్కలేదు. పిలవాలని ఇద్దరు, వద్దని ఒకడు. వద్దన్నవాడు దుబాయి అన్న తమ్ముడే. పిలవాలన్న ఇద్దరిలోనూ పసుపు బియ్యం పట్టుకుని రాత్రిపూట కట్ట దిగి నీళ్ల దగ్గరకు పోతానన్నవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.