లెక్కల్లో చురుకైన బిడ్డకు ఏ బడి మేలు: టౌన్ ఫౌండేషనా, ఊరి సర్కారు బడా, నవోదయా?

మా బిడ్డ నాలుగో తరగతి. మొన్న తోటలో బత్తాయి కోత నడుస్తుంటే పక్కన కూర్చుని కాయలు పేర్చింది. అడుగున నాలుగు నాలుగ్లు, దాని మీద మూడు మూళ్లు, ఆ పైన రెండు రెళ్లు, కొసకు ఒక్కటి. "ముప్పై. దీని కింద అయిదైదులది ఇంకోటి పెడితే యాభై అయిదైతయి నాయినా" అన్నది. అప్పటి నుంచి ఇంట్లో ఇదే మాట: ఈ పిల్లను ఎక్కడ చదివించాలి?

ముందు నల్లగొండలో ఒక ఫౌండేషన్ బడి, అంటే చిన్న తరగతుల నుంచే పోటీ పరీక్షలకు తయారుచేసే ప్రైవేటు బడి, చూసొచ్చాం. లెక్కలకు ప్రత్యేకంగా సార్ ఉన్నాడు, రోజూ రెండు పీరియడ్లు. దీనితో సమానంగా లెక్కలు చేసే పిల్లలున్నారు. ఆ తోడు ఊళ్లో దొరకదు, అది నన్ను బాగా లాగింది. డెమో క్లాసులో కూర్చోబెట్టారు. భిన్నాల భాగహారంలో రెండోదాన్ని తలకిందులు చేసి గుణించమన్నారు. "ఎందుకు తలకిందులు చేయాలె సార్?" అని అడిగింది. "పరీక్షలో ఎందుకని అడగరు, గుర్తుపెట్టుకో" అన్నాడాయన. తర్వాత నలభై లెక్కల షీటు ఇచ్చారు. అంకెలు వేరు, లెక్క మాత్రం ఒక్కటే. ఆరో తరగతి పాఠం నాలుగులోనే చెప్తాం అన్నది వాళ్ల గొప్ప. అది పిల్లను ముందుకు నెట్టడమే గానీ లోతుకు దింపడం కాదు.

గేటు మీద ఒలింపియాడ్ బ్యానర్ చూసి కూడా తొందరపడొద్దు. దేశం తరఫున వెళ్లే గణిత ఒలింపియాడ్ జట్టును ముంబైలోని హోమీ భాభా కేంద్రం ఎంపిక చేస్తుంది. ఆ దారిలో మొదటి పరీక్ష ఐఓక్యూఎం, అది ఎనిమిదో తరగతి నుంచే. నాలుగో తరగతి పిల్లకు బోలెడంత టైముంది.

ఊరి బడిలో ఇద్దరే సార్లు, తరగతులు అయిదు. ఒకే గదిలో రెండు తరగతులు నడుస్తాయి. ఇంగ్లిషు అంతంత మాత్రమే. కానీ బత్తాయిల సంగతి చెప్పిన మర్నాడు లెక్కల సార్ పలక మీద నాలుగు గళ్లు పొడుగు, నాలుగు గళ్లు వెడల్పు గీసి "చతురస్రాలు ఎన్ని?" అని అడిగాడట. పదహారంది. "ఇంకా చూడు బిడ్డా" అని ఊరుకున్నాడు. జవాబు చెప్పలేదు. రెండు రోజులు అన్నం కాడ కూడా గళ్లే గీసింది. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ అరిచింది: "నాయినా, ముప్పై! గిది మన బత్తాయి కుప్పనే!" ఒక్కో గడివి పదహారు, రెండు రెళ్లవి తొమ్మిది, మూడు మూళ్లవి నాలుగు, మొత్తం కలిపి పెద్దది ఒకటి. నలభై లెక్కల షీటు ఈ ఒక్క లెక్కకు సాటి రాదు.

సార్‌కు బదిలీ అయితే? ఆ భయం నాకుంది. అందుకే ఆరో తరగతికి పెద్దవూర మండలం చలకుర్తి నవోదయ మీద కన్నేశాం, అది కేంద్ర సర్కారు హాస్టల్ బడి. ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అంకగణితానికి 25 మార్కులే, మేధాశక్తికి 50. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పల్లె బడిలోనే చదివుండాలి. ఇప్పుడు టౌన్‌కు మారిస్తే అది పోతుంది. చాలామంది దీన్ని చూసుకోరు. హాస్టల్లో పదేళ్ల పిల్లను వదలడం మా ఇంటిదానికి ఇష్టం లేదు, ఆ మాటా తీసేయలేను. సర్వేల్ గురుకులానికి 1971 నుంచి మంచి పేరే, కానీ అది మగపిల్లలది. ఒక తరగతి దాటించమని కొందరన్నారు. లెక్కల్లో ముందున్నా తెలుగు రాత వయసుకు తగ్గట్టే ఉంది, ఒప్పుకోలేదు.

అయిదు దాకా ఊరి బడే అనుకున్నాం. నవోదయ రాకపోతే మళ్లీ టౌన్ బడులు తిరుగుతాను, ఈసారి పిల్ల అడిగే "ఎందుకు"కు సార్ ఏం చెప్తాడో చూసే ఫీజు మాట్లాడతాను. నిన్న సార్ గళ్లు మార్చి ఇచ్చాడు: పొడుగు అయిదు, వెడల్పు నాలుగు. పలక ఇంకా మంచం మీదే ఉంది, నన్ను ముట్టనివ్వడం లేదు.