మినియేచర్ ఫొటోలు: ఫోన్ సరే, నిలబడే చోటేది?

మా ఇంట్లో వీటిని బొమ్మల ఫొటోలంటారు. వీధి నిజమే, ఆటోలు నిజమే, మనుషులూ నిజమే. ఫొటోలో మాత్రం అంతా ఎవరో బల్ల మీద తీరిగ్గా పేర్చిన బొమ్మలకొలువులా ఉంటుంది. కొన్ని ఫోన్లలో టిల్ట్-షిఫ్ట్ అనీ, కొన్నిట్లో మినియేచర్ అనీ ఈ మోడ్ ఉంటుంది. లేని ఫోన్లకు ఉచిత యాప్‌లున్నాయి. కొన్నేళ్లుగా శ్రీకాకుళంలోనూ, అత్తవారి ఊరు విజయనగరంలోనూ దీన్ని విడవకుండా వాడుతున్నాను. వాడగా వాడగా తేలిందేమిటంటే, ఇందులో యాప్ పనితనం కొద్దిగానే, ఎక్కడ నిలబడి తీశామన్నదే ముప్పాతిక మువ్వీసం. అందుకే ఈ సమీక్షలో మెగాపిక్సెళ్ల కంటే డాబాలు, కొండలు, వంతెనలు ఎక్కువగా కనిపిస్తాయి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి, లేకపోతే తరవాత చెప్పేది అర్థం కాదు. చిన్న వస్తువును కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే దాని ముందూ వెనకా మసకబారుతుంది. దూరాన ఉన్న వీధిని చూస్తే అంతా ఒకేలా స్పష్టంగా ఉంటుంది. మెదడుకి ఈ లెక్క చిన్నప్పటి నుంచీ అలవాటు. దూరం నుంచి తీసిన వీధి ఫొటోలో పైనా కిందా మసక పెడితే, ఇదేదో దగ్గరున్న చిన్న వస్తువే అని అది మోసపోతుంది. అసలు పద్ధతిలో ఇందుకోసం లెన్స్‌నే వంచుతారు. లెన్స్ వంగితే ఫోకస్ పడే తలం కూడా వంగుతుందన్న సూత్రానికి ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైమ్‌ఫ్లుగ్ పేరు పెట్టారు. ఆయన 1904లో పేటెంట్ తీసుకున్నది గాల్లోంచి తీసిన ఫొటోల్లో వంకరలు సరిచేయడానికి, ఊళ్లను బొమ్మలు చేయడానికి కాదు. ఇటలీ ఫొటోగ్రాఫర్ ఒలీవో బార్బియేరి హెలికాప్టర్ ఎక్కి మహానగరాలను ఇలా తీశాడు. మనకి హెలికాప్టర్ ఎన్నికలప్పుడు కనబడితే కనబడినట్టు. పెద్ద కెమెరాకి టిల్ట్-షిఫ్ట్ లెన్స్ కొందామంటే కానన్‌లో ధర లక్ష దాటుతుంది.

ఫోన్ లెన్స్ ఎటూ వంగదు. సెన్సర్ బాగా చిన్నది కాబట్టి దూరంగా ఫోకస్ పెడితే మూడు నాలుగు మీటర్ల తరవాత దాదాపు అంతా స్పష్టంగానే పడుతుంది. మసకను ఆ తరవాత సాఫ్ట్‌వేర్ పూస్తుంది. ఒక వస్తువు నిజంగా ఎంత దూరంలో ఉందో చాలా యాప్‌లు పట్టించుకోవు. ఫొటోలో అడ్డంగా ఒక పట్టీ స్పష్టంగా వదిలేసి, దాని పైనా కిందా మసక పెంచుకుంటూ పోతాయి. ఈ పద్ధతికున్న మంచీ చెడూ అంతా ఇక్కడి నుంచి పుట్టిందే.

నా ఫోన్ కెమెరాలో 'మోర్' లోపల ఈ మోడ్ ఉంది. కంపెనీ పేరు ఎందుకులెండి. తెర మీదే మసక కనిపిస్తుంది కాబట్టి ఫొటో ఎలా రాబోతోందో అప్పుడే తెలిసిపోతుంది, దానితో సుఖం అంతవరకే. ఫొటో మసకతో కలిపే సేవ్ అవుతుంది, అసలుది మిగలదు. తరవాత పట్టీని కాస్త కిందకి జరుపుదామన్నా కుదరదు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆ మోడ్‌లో జూమ్ పనిచేయదు. జూమ్ లేకుండా ఈ ఫొటోలు తీయడమంటే చెయ్యి కట్టేసుకుని వంట చేయడమే.

కాబట్టి ఇప్పుడు మామూలు మోడ్‌లో, జూమ్ పెట్టి తీసి, ఇంటికొచ్చాక స్నాప్‌సీడ్‌లో మసక వేస్తున్నాను. నిక్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఈ యాప్‌ను 2012లో గూగుల్ కొంది. ఉచితమే, ప్రకటనల గోల లేదు. అందులో 'లెన్స్ బ్లర్' అనే టూల్ ఉంటుంది. గుండ్రటి మసక, గీతల మసక అని రెండు రకాలు. ఊరి ఫొటోలకు గీతలదే వాడాలి. రెండు వేళ్లతో పట్టీని వెడల్పు చేయొచ్చు, తిప్పొచ్చు. వేలు పైకీ కిందకీ లాగితే మూడు అంశాలు వస్తాయి: మసక ఎంత, మార్పు ఎంత మెల్లగా, అంచుల నలుపు ఎంత. పక్కలకి లాగితే విలువ మారుతుంది. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇలా ఉంది. అంచుల నలుపును ముందు సున్నా చేసేయండి. అది ఉంటే బొమ్మలా కాదు, తాతగారి ఆల్బంలో ఫొటోలా కనిపిస్తుంది. మసక 40-60 మధ్య చాలు. చాలామంది పట్టించుకోనిది ఆ రెండోది, ట్రాన్సిషన్. అది తక్కువైతే ఫొటోకి అడ్డంగా కత్తితో గీసినట్టు గీత తెలిసిపోతుంది. నేను మసక కంటే దాన్నే ఎక్కువలో ఉంచుతాను.

పట్టీని ఏటవాలుగా తిప్పితే స్టైల్‌గా ఉంటుందని కొందరు తిప్పుతారు. తిప్పకూడదు. మసక ఎటు పెరుగుతోందో, నేల దూరం కూడా అటే పెరగాలి. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది కూడా ఇదే: మసక పెరిగే దిశా, దూరం పెరిగే దిశా కలిస్తేనే దృశ్యం చిన్నదిగా అనిపిస్తుంది.

ఇక చోటు. పై నుంచి కిందకి వాలుగా చూడాలి, ఆకాశం ఫ్రేములోకి రాకూడదు. బొమ్మను ఎవరైనా పై నుంచే చూస్తారు కదా. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మొదటి అంతస్తు నుంచి తీస్తే ఆటో ఆటోలాగే ఉంటుంది, ఎంత మసక పూసినా సరే. అదే మూడో అంతస్తు పైన డాబా మీదకెక్కి, కూడలికి అవతలి వైపు ఆగిన ఆటోలను 2ఎక్స్‌లో తీస్తే కథ మారుతుంది. అల్ట్రావైడ్ జోలికి పోవద్దు. అంచుల్లో మేడలన్నీ సాగిపోయి భ్రమ చెడుతుంది. కాస్త జూమ్ పెడితే దగ్గరివీ దూరంవీ ఒకదాని మీదకొకటి జరిగి ఇరుగ్గా కనిపిస్తాయి, మనకి కావలసింది ఆ ఇరుకే. డాబా ఎక్కనిమ్మని అడగడానికి మొహమాటపడకండి. తీసిన ఫొటో చూపిస్తే షాపుల వాళ్లే రెండోసారి పిలుస్తారు. నాగావళి వంతెన నుంచి కూడా తీస్తుంటాను గానీ అక్కడ ఎత్తు చాలదు. వేసవిలో నీరు తగ్గి ఇసుక బయటపడ్డప్పుడు కింద ఆరేసిన బట్టలు, గేదెలు బాగానే వస్తాయి. మిగతా రోజుల్లో నీళ్లే కదా, నీళ్లకి చిన్నా పెద్దా ఏముంటుంది?

జిల్లా మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు శాలిహుండం. కళింగపట్నం వెళ్లే దారిలో వంశధార ఒడ్డున బౌద్ధ స్తూపాల కొండ. జనం స్తూపాల ముందు సెల్ఫీ దిగి దిగిపోతారు. కొండ మీద అంచుకి వచ్చి కిందకి చూస్తే ఒక పక్క నది, ఇటు పొలాలు. కోతల రోజుల్లో వెళ్లండి. కోసిన మడులు గోధుమ రంగులో, కోయనివి పసుపు పచ్చగా, మధ్యలో గట్లు సన్నగా పేనిన తాడులా కనిపిస్తాయి. ఒక మడిలో ఎర్ర ట్రాక్టర్, పక్కన వరి కుప్ప, కుప్ప మీద సగం కప్పిన నీలం టార్పాలిన్, పని చేసుకుంటున్న నలుగురు మనుషులు. పట్టీని సరిగ్గా ఆ మడి మీద పెట్టాను. ముందున్న తుప్పలు, వెనకున్న తాటిచెట్లు మసకలో కలిసిపోయాయి. ట్రాక్టర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని పక్కన పెట్టొచ్చు అన్నట్టుంది. కొండ మీద నుంచి చూస్తే తాటిచెట్లు కూడా నేలకు అతుక్కునే కనిపిస్తాయి, అందుకే అక్కడ ఏ వస్తువూ పట్టీ దాటి పైకి పొడుచుకు రాదు. ఇలాంటి సుఖం టౌనులో దొరకదు. స్తూపాల గుండ్రటి ఇటుక పునాదుల్ని కూడా తీశాను. అవి ఖాళీగా ఉంటే నమూనాలా కూడా అనిపించవు, ఒట్టి ఇటుకలే. ఒక మనిషి నడుస్తూ ఉంటే అప్పుడు బొమ్మలవుతాయి.

పొడుచుకొచ్చే వస్తువుల గొడవ ఎంత పెద్దదో తెలియాలంటే విజయనగరంలో సిరిమానోత్సవం తీయాలి. దసరా తరవాత వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఊరేగింపులో దాని ముందు పాలధార, బెస్తవారి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం నడుస్తాయి. వీటన్నిటినీ మూడు లాంతర్ల వైపు ఉన్న మా బావమరిది స్నేహితుడి డాబా మీద నుంచి తీశాను. ఏనుగు అద్భుతంగా వచ్చింది. జనం తలలు చల్లిన ఆవాల్లా ఉన్నా, మధ్యలో ఏనుగు వీపు మీద నగిషీ కూడా తెలిసింది. సిరిమాను దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. యాభై అడుగులు దాటే చింతమాను అది. దాని మొదలు బండి మీద, ఫ్రేము మధ్యలో, పట్టీలోనే ఉంది. చివర మాత్రం పైకి లేచి మసక ఉన్న చోటికి వెళ్లింది. ఆ చివరే కదా పూజారి కూర్చునేది! బండి ఎంత దూరంలో ఉందో ఆయనా ఇంచుమించు అంతే దూరంలో ఉన్నాడు. యాప్‌కి ఆ సంగతి తెలియదు. వీధి చివర ఎక్కడో ఉన్న జనానికి పూసినంత మసకా ఆయనకీ పూసేసింది. ఎవరి కోసం ఊరంతా రోడ్డెక్కిందో ఆయనే కనబడలేదు.

దీనికి విరుగుడు ఉంది, ఓపిక ఉండాలి. స్నాప్‌సీడ్‌లో చేసిన మార్పుల జాబితా తెరిచి, లెన్స్ బ్లర్ మీద నొక్కి బ్రష్ తీసుకోవాలి. ముందు మాస్క్‌ని, అంటే మసక ఎక్కడ పడాలో చెప్పే పొరని, తిరగేసి మసక మొత్తానికి వర్తించేలా చేసి, బ్రష్ విలువ సున్నా పెట్టి, మాను పొడవునా మెల్లగా రుద్దితే అక్కడ మసక చెరిగిపోతుంది. ఫొటోని బాగా పెద్దది చేసుకుని రుద్దాలి, లేకపోతే మాను చుట్టూ స్పష్టమైన అంచు ఒకటి మిగిలి కత్తిరించి అతికించినట్టుంటుంది. భక్తులు విసిరిన అరటిపళ్లు గాల్లో ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి, వాటిని మసకలోనే వదిలేశాను. పూర్తయ్యాక బావమరిదికి చూపిస్తే, "ఏటి బావా, అమ్మవారి పండగంతా బొమ్మల పెట్టిలో పెట్టీసావు" అన్నాడు. వాళ్లమ్మకి ఫోకస్‌తో పనిలేదు, ఫోన్‌నే కళ్లకద్దుకుంది. గంటస్తంభానిదీ ఇదే బాధ, కాకపోతే కదలదు కాబట్టి రుద్దడం తేలిక.

విజయనగరంలో నిరాశపరచనివి రైళ్లు. రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్లే లైను ఇక్కడే విడిపోతుంది కాబట్టి గూడ్సులకు కొదవ లేదు. పట్టాల మీదుగా వెళ్లే వంతెన ఫుట్‌పాత్ మీద నిలబడి, రైలు కాస్త వంపు తిరిగేటప్పుడు తీస్తే చాలు. ఒకే కొలత పెట్టెలు వరసగా ఉండడంతో కన్ను తేలిగ్గా మోసపోతుంది.

రంగుల గురించి రెండు మాటలు. ఏటికొప్పాక లక్క బొమ్మ ఎంత నిగనిగలాడుతుందో మీకు తెలుసు. ఫొటోలో రంగుల్ని ఆ దిశగా కాస్త పెంచాలి, శాచురేషన్ 20-30. అంతకు మించితే మనుషుల ముఖాలు నారింజ రంగుకి తిరుగుతాయి. వాన వెలిసిన మర్నాడు ఎండ కాసిందంటే ఆ రోజు వదలకండి, దుమ్ము కడిగేసి నీడలు కరుగ్గా పడతాయి. వేసవి మధ్యాహ్నాల్లో మన తీరం వైపు గాలిలో తెల్లటి పొర ఒకటి ఉంటుంది, దాంట్లో ఏ యాప్ అయినా పాలిపోయిన ఫొటోనే ఇస్తుంది. రాత్రి ఫొటోలు నాకెప్పుడూ నచ్చలేదు, లైట్లు మసకలో పెద్ద పెద్ద చుక్కలై పెళ్లి వీడియోలా తయారవుతాయి.

టైమ్‌లాప్స్, అంటే ఆగి ఆగి ఫ్రేములు తీసి వేగంగా నడిపే వీడియో, దీనికి ఇంకో మెట్టు పైన. మనుషులు చకచకా, కొంచెం కుదుపుగా కదిలితే బొమ్మలాట పూర్తవుతుంది. లెక్క సులువే: సెకనుకి ఒక ఫ్రేము తీస్తే, సెకనుకి 30 ఫ్రేములు నడిచే వీడియోలో 10 సెకన్లు రావడానికి 5 నిమిషాలు తీయాలి. ఈ 5 నిమిషాలూ ఫోన్ వెంట్రుకవాసి కూడా కదలకూడదు. డాబా పిట్టగోడ మీద ఇటుకల మధ్య ఇరికించడం కంటే మామూలు ట్రైపాడ్ ఒకటి కొనుక్కోవడం మేలు. సముద్రపు గాలికి తేలికపాటి ట్రైపాడ్ ఊగుతుంది, దాని కాళ్ల మధ్య నీళ్ల సీసా వేలాడదీయండి. మే నెల ఎండలో మాత్రం ఫోన్ కాలిపోతుంది. మొదట తెర వెలుగు తగ్గుతుంది, తరవాత కెమెరా దానంతటదే మూసుకుపోతుంది. ఉదయం 8 లోపు ముగించుకోవడమే దారి.

ప్రింట్ వేయించే వాళ్లకి ఒక సంగతి. ఫోన్ తెర మీద సరిపోయిన మసక 12×18 అంగుళాల సైజులో అతిగా కనిపిస్తుంది. పట్టీ అంచులు తెర మీద తెలియవు, కాగితం మీద తెలిసిపోతాయి. నేను స్టూడియోకి ఇచ్చే కాపీకి మసక ఓ పది తగ్గించి, ట్రాన్సిషన్ ఇంకాస్త పెంచి వేరుగా సేవ్ చేస్తాను. ఆ కాపీని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గానే పంపండి.