మోకాళ్ళ నొప్పికి రెండో అంతస్తు గది: మా హనుమకొండ వైద్యయాత్ర

మోకాళ్ళ నొప్పులకు ఆపరేషన్ లేని వైద్యం చేస్తామని పిలిచి, డెబ్బయి ఏళ్ళు దాటిన మనిషికి రెండో అంతస్తులో గది ఇచ్చి, లిఫ్టు మరమ్మతులో ఉందని చెప్పే చోట మిగతా వైద్యం ఎలా ఉంటుందో చదివేవారే ఊహించుకోవచ్చు. హనుమకొండ శివారులోని ఆ కేంద్రం పేరు నేను ఇక్కడ రాయడం లేదు. అయితే అక్కడ ఏమేమి అమ్ముతారో, ఎంతకు అమ్ముతారో, అందులో పనికివచ్చేది ఎంతో మాత్రం వివరంగా రాస్తాను. కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు నుంచి పెద్దవాళ్ళను కార్లలో కూర్చోబెట్టుకొని ఇటువంటి చోట్లకు వెళ్ళేవారు చాలామంది ఉన్నారు.

మా అత్తమ్మకు రెండు మోకాళ్ళలోనూ అరుగుదల ఉంది. కరీంనగర్‌లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మూడో దశ అని చెప్పి, కీలు మార్పిడికి ఇప్పుడే తొందర లేదని, ముందుగా బరువు తగ్గి తొడ కండరాలకు బలం తెచ్చుకోవాలని సలహా ఇచ్చారు. "మందియ్యకుంట బలం ఎట్లొస్తది?" అని అత్తమ్మ ఆయన గది దాటకముందే తేల్చేసింది. ఆ తరువాత ఒక పెళ్ళిలో ఎవరో చెప్పిన మాట పట్టుకొని, వారం రోజుల ప్యాకేజీకి 16,800 రూపాయలు, తోడుగా ఉండేవారికి మనిషికి రోజుకు 600 రూపాయలు ముందే కట్టి, నేను, మావారు, అత్తమ్మ బయలుదేరాము. హుజూరాబాద్ మీదుగా ప్రయాణం సాఫీగా సాగింది.

లిఫ్టు లేకపోవడంతో రెండు పెద్ద సూట్‌కేసులను మావారే మెట్ల మీదుగా మోశారు. రెండోది దించబోతుండగా నడుము పట్టేసి, వంగినవారు వంగినట్టే గోడ పట్టుకొని నిలబడిపోయారు. అంటే ఆ కేంద్రంలో అడుగుపెట్టిన అరగంటకే మాలో ఇద్దరు రోగులు తయారయ్యారు. వెంటనే వచ్చిన మేనేజరు జాలి పడటానికి బదులు ధరల కాగితం తెచ్చాడు: నడుమును కట్టి లాగే ట్రాక్షన్ ఒక్కసారికి 700, నడుము బెల్టు 1,850, పూర్తి విశ్రాంతి కోసం ప్రత్యేక గట్టి పరుపు రోజుకు 300 రూపాయలు. మా గదిలో బాత్రూము కూడా నేలబారు దొడ్డే. అత్తమ్మ కూర్చొని లేవలేదు కాబట్టి వెస్టర్న్ కమోడ్ ఉన్న గది కావాలంటే, అది డీలక్స్ కిందికి వస్తుందని, రోజుకు 900 ఎక్కువ అవుతుందని చెప్పారు. మోకాళ్ళ రోగులకు కమోడ్ విలాసం ఎట్లా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

న్యాయంగా చెప్పాలంటే, అక్కడ చేసిన జానువస్తి మాత్రం బాగుంది. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మినపపిండిని ముద్దగా కలిపి, అత్తమ్మ మోకాలి చుట్టూ గట్టులాగా పేర్చి, లోపల గోరువెచ్చని తైలం పోసేది. పిండి ఎక్కడైనా పగిలి నూనె కారితే తడి వేలితో అక్కడ అద్ది మూసేది. నూనె చల్లబడగానే దూదితో పీల్చి గిన్నెలోకి పిండి, మళ్ళీ వేడిచేసి పోసేది. ప్రతిసారీ ముందు తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకొని చూసుకునేది. ఆ అరగంట తరువాత అత్తమ్మ ముఖం తేలికపడేది, రాత్రి నిద్ర కూడా పట్టేది. వెచ్చదనం కండరాల బిగువును తగ్గిస్తుంది, నెమ్మదైన చేతి స్పర్శకు నొప్పి కొంతసేపు అణుగుతుంది. ఇందులో మోసమేమీ లేదు. మరునాడు ఉదయం మెట్లు దిగేసరికి నొప్పి మళ్ళీ మొదటికి వచ్చేది, అంతే. "అరిగిన గుజ్జు తైలంతో మళ్ళీ పెరుగుతుంది" అని గోడ మీద రాసిన మాటే అసలు మోసం, ఎందుకంటే అరిగిపోయిన మృదులాస్థిని తిరిగి పెంచే తైలం ఏదీ లేదు.

తిండి గురించి ఒక్క మాట చాలు: ఉప్పులేని సొరకాయ ఉడుకుకు సాత్విక భోజనమని పేరు పెట్టారు. అత్తమ్మ రెండోరోజు నుంచే మాతో ముభావంగా ఉండసాగింది.

మా గది ఎదురుగా గోదావరిఖని నుంచి వచ్చిన సింగరేణి విశ్రాంత కార్మికుడొకరు ఉండేవారు. ఏళ్ళ తరబడి ఉన్న నడుము నొప్పికి ఆయనను రోజూ ట్రాక్షన్ బల్ల మీద కట్టి లాగేవారు, మిగతా సమయమంతా బెల్టుతో పడుకోబెట్టేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై విడుదల చేసిన మార్గదర్శకాలలో ట్రాక్షన్, నడుము బెల్టులు మామూలుగా వాడవద్దని చెప్పింది. వ్యాయామం, రోగికి తన నొప్పి గురించి అవగాహన కల్పించడం, నొప్పి పట్ల భయాన్ని తగ్గించే మానసిక చికిత్స వంటివాటిని సూచించింది. ఆ పెద్దాయన చేత అక్కడ ఒక్కరోజు కూడా నడక గాని, వ్యాయామం గాని చేయించడం నేను చూడలేదు. పడుకోబెట్టి డబ్బులు తీసుకోవడం సులభం, లేపి నడిపించడం కష్టం కాబోలు.

మేము అక్కడి నుంచి వచ్చేయడానికి కారణం పొడి పొట్లాలు. రోజుకు రెండుసార్లు తేనెతో వేసుకోవాలని, నెలకు 2,400 రూపాయలని చెప్పి పేరు లేని ప్లాస్టిక్ పొట్లాలు ఇచ్చారు. తయారుచేసింది ఎవరు, అందులో ఏమేమి కలిశాయి అని అడిగితే, గురుపరంపర రహస్యమని జవాబు వచ్చింది. మన దేశంలో ఆయుర్వేద మందులకు కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం వర్తిస్తుంది; సీసా మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులోని పదార్థాలు ఉండి తీరాలి. ఇటువంటి పేరులేని పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సంఘటనలు బయటపడ్డాయి. వాటితో నొప్పి రెండు రోజులలో మాయమైనట్టే ఉంటుంది గాని, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం వంటివి తరువాత బయటపడతాయి. అత్తమ్మకు షుగర్ ఉంది. ఆ పొట్లాలు అక్కడే వదిలి, మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇమ్మంటే, ప్యాకేజీలో వాపసు లేదని రసీదు వెనుక చీమతలకాయ అక్షరాలు చూపించారు.

హనుమకొండ బస్‌స్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో కింది అంతస్తు గది 1,600 రూపాయలకు దొరికింది. కమోడ్ ఉంది, దాని పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉంది, వేడినీళ్ళు ఉన్నాయి. ఇంతకంటే ఏమి కావాలి? ఆ లాడ్జి గుమాస్తానే మాకు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు దారి చెప్పాడు.

ఆమె క్లినిక్ ఒక మందుల షాపు పక్కన చిన్న గదిలో ఉంది. మొదటిసారి పరీక్షకు 500, తరువాత ఒక్కొక్కసారికి 350 రూపాయలు. ముందుగా మావారిని చూశారు. బల్ల ఎక్కించకముందే, మూత్రం అదుపు తప్పుతున్నదా, కూర్చునే భాగంలో తిమ్మిరి ఉన్నదా, కాలు బలహీనపడి ఈడుస్తున్నారా, జ్వరం ఉన్నదా, బరువు తగ్గారా అని వరుసగా అడిగారు. వీటిలో ఏది ఉన్నా తన దగ్గర కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలని చెప్పారు. ఏదీ లేదని తేలాక, ఇది అప్పటికప్పుడు పట్టేసిన నొప్పి అని, ఇటువంటివి ఎక్కువమందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయని, మంచం మీద పడి ఉంటే తగ్గడం ఆలస్యమవుతుందని చెప్పి, వేడి కాపడం పెట్టి, గదిలోనే అటూఇటూ నడిపించారు. ఎంఆర్ఐ తీయించాలా అని మావారు అడిగితే, నొప్పి ఏమాత్రం లేనివారి స్కానింగులో కూడా డిస్కు ఉబ్బు కనిపిస్తుందని, వయసు పెరిగేకొద్దీ అది మామూలేనని, ఇప్పుడు తీస్తే భయమే మిగులుతుందని అన్నారు. బెల్టు మాట ఎత్తలేదు. మావారి ముఖంలో నవ్వు ఆరోజే చూశాను.

అత్తమ్మ విషయంలో ఆమె మొదట గమనించింది చేతికర్రను. కుడి మోకాలు ఎక్కువ నొప్పిగా ఉంటే అత్తమ్మ కర్రను కూడా కుడిచేతిలోనే పట్టుకునేది. ఆమె దానిని ఎడమచేతిలోకి మార్చి, కర్ర, కుడికాలు ఒకేసారి ముందుకు వేయమన్నారు. పది అడుగులకే తేడా తెలిసింది. ఇన్నాళ్ళూ ఎందరో డాక్టర్లు ఆ కర్రను చూశారు గాని, ఏ చేతిలో ఉన్నదని ఒక్కరూ అడగలేదు. తరువాత బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి అదిమి అయిదు లెక్కపెట్టే వరకు పట్టి ఉంచమన్నారు. కుర్చీలో నుంచి చేతులు ఆనకుండా లేవడం, కాలు తిన్నగా జానెడు ఎత్తు లేపడం కూడా నేర్పారు. "నడుస్తే ఇంక అరుగుతది గదా బిడ్డా?" అని అత్తమ్మ అడిగింది. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవని, కీలు కదిలినప్పుడే దానిలోని ద్రవం నుంచి పోషణ అందుతుందని ఆమె ఓపికగా వివరించారు. "జర్ర నొస్తే ఆపకమ్మా, తెల్లారేసరికి తగ్గుతే మంచిదే. తెల్లారినా తగ్గకుంటే రేపు సగమే చెయ్యి" అన్నారు. బరువు గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పారు: ఒక కిలో తగ్గితే, ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందట. అత్తమ్మ దానికి అలిగి ఆ పూట టీలో చక్కెర మానేసింది. ఇప్పటికీ వేసుకోవడం లేదు.

తైలం చికిత్స నచ్చినవారు ప్యాకేజీల జోలికి పోనవసరం లేదు. వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, దానికి ఆసుపత్రి ఉన్నాయి. చదువుకున్న వైద్యులు చూసి, పేరు రాసిన మందు ఇచ్చే చోటును ముందు ప్రయత్నించడం నా సలహా. తైలాన్ని వ్యాయామానికి తోడుగా వాడుకోవాలి, వ్యాయామానికి బదులుగా కాదు. ఆపరేషన్ వద్దే వద్దని భీష్మించడం కూడా సరికాదు. కీలు పూర్తిగా అరిగి, వ్యాయామం తరువాత కూడా నడవలేకపోతే కీలు మార్పిడి మంచి వైద్యమే.

నొప్పులు ఉన్నవారికి ఊరిలో ఏమి చూడవచ్చో కూడా రాస్తాను. వరంగల్ కోట అన్నిటికంటే తేలిక: కీర్తితోరణాల చుట్టూ నేల చదునుగా ఉంటుంది, మధ్యలో కూర్చోవచ్చు. వేయిస్తంభాల గుడికి ఊరిలో నుంచే ఆటోలో వెళ్ళవచ్చు, కొన్ని మెట్లు మాత్రం తప్పవు. 1213 నాటి రామప్ప గుడికి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత, జనం పెరిగారు. గుడి ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంటుంది, చెప్పులు విడిచి నడవాలి, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది. కాబట్టి ఆ గుడి ఉన్న పాలంపేటకు తెల్లవారే బయలుదేరి ఉదయాన్నే చేరుకోవాలి, దారిలో ఒకచోట కారు ఆపి పెద్దవాళ్ళను నాలుగడుగులు నడిపించాలి. మాకు కారు కిరాయి డ్రైవరుతో కలిపి 3,200 అయింది. తిరిగి వస్తూ దారిలో ఒకావిడ పెనం మీద కాల్చి ఇచ్చిన సర్వపిండి 40 రూపాయలు. అత్తమ్మ మాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది అది తిన్నాకనే.

వాపసు ఇవ్వని డబ్బు గురించి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, రసీదు ఫోటోతో ఫిర్యాదు నమోదు చేయించాను. కేంద్రం వాళ్ళు ఒకసారి ఫోన్ చేసి, డబ్బుకు బదులు వచ్చే వేసవిలో మూడు రోజులు ఉచితంగా ఉండవచ్చని అన్నారు. లిఫ్టు బాగైందా అని అడిగితే, పార్టు ఆర్డర్ పెట్టామని చెప్పారు.