సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480: ఎమ్మెస్సీ మొత్తం దీని మీదే చదివాను

యూనివర్సిటీలో చేరుతూ ఇరవై వేల లోపు ల్యాప్‌టాప్ వెతుక్కునేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. ఆ డబ్బుకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్ జోలికి పోకండి. ఆఫీసుల్లో వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌ను బాగా పరీక్షించి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్‌లో నేను కొన్నది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. కోర్సు, ప్రాజెక్టు, ఇంటర్వ్యూలు అన్నీ దీని మీదే అయ్యాయి. ఇప్పటికీ రోజూ వాడుతున్నాను.

కొత్తవి ఎందుకు వద్దంటే, ఆ ధరలో దొరికేవి ఎక్కువగా రెండు కోర్ల సెలెరాన్ ప్రాసెసర్‌వి. 4 జీబీ ర్యామ్, అదీ చాలావాటిలో బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. కొన్నిట్లో స్టోరేజీ 64 జీబీయే, అందులో సగం దాకా విండోసే తినేస్తుంది. మొదటి నెల బాగానే ఉంటాయి. నాలుగు ట్యాబ్‌లు, ఒక వర్డ్ ఫైలు, ఒక జూమ్ క్లాసు కలిసేసరికి మౌస్ పాయింటర్ కూడా కదలదు.

టీ480 మార్కెట్లోకి వచ్చింది 2018లో. పాతదే కదా అనిపిస్తుంది. కానీ ఈ తరంలో ఒక పెద్ద మార్పు జరిగింది. దీనికి ముందు వచ్చిన టీ470లో ఐ5 అంటే రెండు కోర్లు, ఇందులో వచ్చే 8వ తరం ఐ5 అంటే నాలుగు కోర్లు. ఇంకో ముఖ్యమైన విషయం, ఇంటెల్‌లో విండోస్ 11కు అధికారికంగా సరిపోయేవి దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి 6వ, 7వ తరం మెషీన్లు ఎంత చవగ్గా ఇచ్చినా, విండోస్ మీదే పని చేసుకోవాలనుకునేవాళ్లు తీసుకోవద్దు. టీ470, టీ480 పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 తర్వాత వచ్చే నంబరు 8తో మొదలవ్వాలి, 8250యూ, 8350యూ అలా.

నేను కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో. తార్నాక మెట్రో ఎక్కితే రైలు మారకుండా పారడైజ్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి నడకే. మధ్యాహ్నం వెళ్లండి, సాయంత్రం రద్దీలో ఏ షాపులోనూ తీరిగ్గా చూడనివ్వరు. మొదటి షాపులోనే కొనకుండా రెండు మూడు చోట్ల అడగండి. అదే మోడల్, అదే ర్యామ్, ధరలో మాత్రం రెండు మూడు వేల తేడా ఉంటుంది. నాకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో 18,000కు వచ్చింది.

షాపులో చూడాల్సిన వాటిలో అన్నిటికంటే ముఖ్యం బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది బ్యాటరీ కొత్తగా ఉన్నప్పటి శక్తి, రెండోది ఇప్పుడు మిగిలింది. ఈ మోడల్‌లో బ్యాటరీలు రెండు, లోపల ఒకటి, వెనక ఒకటి. నాకు చూపించిన దాంట్లో వెనక బ్యాటరీ డిజైన్ దాదాపు 24 వేల మిల్లీవాట్-అవర్లు ఉంటే, ఫుల్ ఛార్జ్ 9 వేలు దాటలేదు. "బ్యాకప్ మంచిగ వస్తది తమ్ముడూ, మూడు గంటలు గ్యారంటీ" అన్నాడు షాపాయన. నేను స్క్రీన్ ఆయన వైపు తిప్పి, "అన్నా, ఇది సగం కూడా లేదు, వేరేది పెట్టియ్యి" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్లి మరో బ్యాటరీ తెచ్చి బిగించాడు. మళ్లీ రిపోర్ట్ తీశాకే డబ్బులిచ్చాను. అంకె ముందుంటే బేరం దానంతటదే తెగుతుంది.

రెండోది లాక్. ఇవి కంపెనీల నుంచి వచ్చినవి కాబట్టి కొన్నిట్లో బయోస్ (విండోస్ కంటే ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కితే బయోస్‌లోకి వెళ్తుంది. పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ వద్దు. అలాగే విండోస్‌ను మీ ముందే రీసెట్ చేయించి, నెట్‌కు కలిపి, సెటప్‌లో ఏదో సంస్థ పేరుతో లాగిన్ అడుగుతుందేమో చూడండి. అడిగితే అది ఇంకా ఆ సంస్థ రికార్డుల్లో ఉన్నట్టే. స్క్రీన్ కూడా చూసుకోవాలి. ఈ మోడల్‌లో 1366×768 ప్యానెల్ ఉన్నవి కూడా వచ్చాయి. రోజంతా కోడ్, పీడీఎఫ్‌లు చదివేవాళ్ల కళ్లకు 1920×1080 ఉండి తీరాలి. కీబోర్డ్ మీద ప్రతి కీ నొక్కి చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోండి, నోటిమాటకు విలువ లేదు.

వాడకంలో దీని అసలు బలం విప్పి మార్చుకోగలగడం. ప్రాజెక్టుకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత డేటా తీసుకున్నాను. 2019–21లో జరిగిన ఆ సర్వేలో 7,24,115 మంది మహిళల్ని ఇంటర్వ్యూ చేశారు. ఒక్కొక్కరికి వేల కాలమ్‌లు. ఆ ఫైలు ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి లోడ్ చేయబోతే 8 జీబీ ర్యామ్ నిండిపోయి మొత్తం బిగుసుకుపోయేది. ఇందులో ర్యామ్‌కు రెండు స్లాట్లున్నాయి, 32 జీబీ దాకా వేసుకోవచ్చు. ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ తెచ్చి ఖాళీ స్లాట్‌లో పెట్టాను. కావాల్సిన కాలమ్‌లు మాత్రమే చదివించి, తెలంగాణ వరకు వేరు చేసుకున్నాక లాజిస్టిక్ రిగ్రెషన్ ఇబ్బంది లేకుండా నడిచింది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు షాపులోనే 16 జీబీకి బేరమాడుకోవడం మేలు. విప్పేముందు బయోస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని డిజేబుల్ చేయడం మాత్రం మరవొద్దు.

బ్యాటరీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ఏర్పాటు ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దాదాపు లేదు. లోపల ఒకటి, వెనక ఒకటి, మొత్తం రెండు బ్యాటరీలు. అడుగున ఉన్న రెండు క్లిప్పులు పక్కకు జరిపితే వెనకది ఊడి చేతికొస్తుంది. లోపలిదాని మీద మెషీన్ నడుస్తూనే ఉంటుంది, ఆపక్కర్లేదు. హాస్టల్ గదిలో ఉన్న ఒక్క ప్లగ్ పాయింట్ కోసం ముగ్గురం పోటీపడే రోజుల్లో ఇది నాకు చాలా అక్కరకొచ్చింది. తర్వాత వెనక 72 వాట్-అవర్ల పెద్ద బ్యాటరీ వేశాను. అడుగున కాస్త ఎత్తుగా పొడుచుకొస్తుంది, బరువూ పెరుగుతుంది. అయినా పొద్దున లైబ్రరీకి వెళ్తే సాయంత్రం దాకా ఛార్జర్ బ్యాగులోంచి తీసే పని లేదు. ఛార్జింగ్ యూఎస్‌బీ-సీ కాబట్టి, ఛార్జర్ మర్చిపోయిన రోజు పక్కవాళ్లది 65 వాట్లదైతే దాంతో నడిచిపోతుంది.

ఆ పోర్ట్ గురించి ఒక జాగ్రత్త. ఆ కాలపు థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్ట్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వల్ల యూఎస్‌బీ-సీ పోర్ట్ పనిచేయడం మానేసే సమస్య ఉండేది. దానికి అప్‌డేట్ వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజే, మిగతా పనులన్నిటికంటే ముందు, లెనోవో సైట్ నుంచి అది వేసుకోండి.

మే నెలలో, నలభై దాటిన ఎండలో, ఫ్యాన్ గోల పెట్టడం మొదలైంది. వెనక మూత విప్పి చూస్తే ఫ్యాన్ రెక్కల పక్కన దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. మెత్తటి బ్రష్‌తో తీసేసి, సీటీసీలోనే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించాను. తర్వాత శబ్దం చాలా తగ్గింది. పాత మెషీన్ కొనేవాళ్లు ఈ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోవాలి.

లోటుపాట్లూ ఉన్నాయి. స్క్రీన్ వెలుగు 250 నిట్స్ మాత్రమే, ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద కూర్చుని పనిచేద్దామంటే సరిగా కనిపించదు. వెబ్‌క్యామ్ 720పీ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు మొహం మీద దీపం పడేలా కూర్చోవాలి. స్పీకర్లు సినిమాకు పనికిరావు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. కీబోర్డ్ మాత్రం బంగారం. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ పెట్టుకుని ఈ సమీక్ష కూడా దాని మీదే కొట్టాను.

క్యాడ్, వీడియో ఎడిటింగ్, గేమ్స్ మీ ప్రధాన అవసరమైతే ఇది మీకు కాదు. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావాలి, దానికి ఈ బడ్జెట్ చాలదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లు మాత్రం భయపడక్కర్లేదు. నా డీప్ లెర్నింగ్ అసైన్‌మెంట్లన్నీ గూగుల్ కోల్యాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపించే గూగుల్ సర్వీసు) ఇచ్చే ఉచిత జీపీయూ, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీదే చేశాను, ల్యాప్‌టాప్‌కు బ్రౌజర్ తెరవడం తప్ప పని లేదు. మా పిన్ని కూతురు ఈ ఏడాది బీఎస్సీ డేటా సైన్స్‌లో చేరింది. తనకూ ఇదే మోడల్, 16 జీబీతో, అదే సీటీసీలో చూసి ఇప్పించాను.