పాత ఫ్లాట్ రెనోవేషన్ చేయించబోతున్నారా? కొటేషన్‌లో రాయని ఖర్చులతో జాగ్రత్త

మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌కి ఇరవై ఏళ్లు దాటాయి. రెండు బెడ్‌రూములు, 1,100 చదరపు అడుగులు. రెండు బాత్రూములు, వంటగది, ఫ్లోరింగ్, వైరింగ్, కబోర్డులు, పెయింటింగ్ అన్నీ కలిపి 7,80,000 రూపాయలకు చేసిస్తామని ఒక ఇంటీరియర్ కంపెనీ కాగితం మీద రాసిచ్చింది. పని అయ్యేసరికి మా చేతి నుంచి పోయింది దాదాపు 12,50,000. 45 రోజులన్నది నాలుగు నెలలు పట్టింది. మధ్యలో మేం కోరికలేమీ పెంచుకోలేదు, కొత్త గది కట్టించలేదు, ఇంపోర్టెడ్ సామాను అడగలేదు. మొదట మాట్లాడుకున్న పనికే అంత అయింది. ఇలాంటి కొటేషన్ ఇప్పుడు చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉంటారు. దయచేసి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి.

మాకు వేరే కాంట్రాక్టర్ ఇచ్చిన లెక్క 11,40,000. ఇద్దరి మధ్య మూడున్నర లక్షలకు పైగా తేడా. పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా రెండోవాళ్లు దోచుకుంటున్నారనే అనిపిస్తుంది. కానీ ఆ 11,40,000లో పాత ఫ్లోరింగ్ పగలగొట్టడం, మట్టి తీసుకెళ్లడం, వాటర్‌ప్రూఫింగ్, పైపులు మార్చడం, జీఎస్టీ అన్నీ ఉన్నాయి. మొదటివాళ్లు రేట్లేమీ తగ్గించలేదు, పనులు రాయడం తగ్గించారు. రాయని ప్రతి పనికీ తర్వాత ఒకే జవాబు: "అది స్కోప్‌లో లేదు సార్."

జీఎస్టీ దగ్గర మొదలుపెడతాను. కొటేషన్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంది. మెటీరియల్‌తో కలిపి కాంట్రాక్ట్ ఇచ్చే ఇంటీరియర్ పనికి జీఎస్టీ 18 శాతం. 7,80,000 మీద అది 1,40,400. అంటే ఒక్క ఇటుక కదలక ముందే బిల్లు 9,20,400. రోజూ కొటేషన్లు ఇచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియకుండా ఉండదు. అంకె చిన్నగా కనిపించాలనే దాన్ని చివరికి తోస్తారు. ఇంకో సంగతి. జీఎస్టీ వసూలు చేసేవాళ్లు జీఎస్టీ నంబర్ ఉన్న ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వాలి. ఆ నంబర్ నిజమైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మమ్మల్ని సూపర్‌వైజర్ సొంత ఫోన్‌పేకి కొంత పంపమని అడిగారు. మేం పంపలేదు. మీరూ పంపకండి, కంపెనీ ఖాతాకి తప్ప ఎక్కడికీ రూపాయి వెళ్లకూడదు.

తర్వాత పగలగొట్టడం. కొటేషన్‌లో "కొత్త టైల్స్ వేయడం" అని ఉంది. పాతవి తీయడం గురించి ఒక్క మాటా లేదు. పాత ఫ్లోరింగ్ తీసి, బాత్రూముల గోడలు చెక్కి, ఆ మట్టిని బస్తాల్లో నింపి మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా కిందకి మోయాలి. మట్టి బస్తాలకి లిఫ్ట్ వాడనిచ్చేది లేదని మా అసోసియేషన్ ముందే చెప్పింది, కంపెనీవాళ్లకి ఆ మాట మేమూ చెప్పాం. అయినా కూలీలు, ట్రాలీ కలిపి 38,000 అదనం వేశారు. ఆ మట్టి ఎక్కడ పోస్తారో కూడా రాయించుకోండి. రోడ్డు పక్కన, నాలా ఒడ్డున పోస్తే జరిమానా పడుతుంది. కూల్చిన మట్టిని రీసైకిల్ చేసే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఉన్నాయి. మా వాళ్లు మొదటి ట్రాలీని వెనక సందులో ఖాళీ ప్లాటులో పోసేశారు. ఆ ప్లాటు ఓనర్ మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి గొడవపడితే, దాన్ని మళ్లీ ఎత్తించడానికి కూడా మమ్మల్నే డబ్బులడిగారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం బాత్రూముల్లో జరిగింది. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. అప్పట్లో కట్టిన చాలా ఫ్లాట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని కిందకి దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. నీళ్ల కోసం అప్పట్లో జీఐ పైపులు, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపులు వాడేవారు. మన బోరు నీళ్లకి అవి లోపల ఉప్పు పట్టి, తుప్పు పట్టి సన్నబడిపోతాయి. గోడ చెక్కాక అవి బయటపడతాయి, అప్పుడు మార్చక తప్పదు. ఇరవై ఏళ్ల ఫ్లాట్‌లో ఇది జరుగుతుందని ఏ ప్లంబర్‌ని అడిగినా చెప్తాడు. అయినా కొటేషన్‌లో పైపుల మాట లేదు, వాటర్‌ప్రూఫింగ్ మాట అసలే లేదు. గోడలు చెక్కేశాక, నల్లా కనెక్షన్ తీసేశాక, "పైపులు మొత్తం పోయాయి సార్, సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయాలి, వాటర్‌ప్రూఫింగ్ కూడా చేయాలి" అని 72,000 లెక్క పంపారు. బాత్రూమ్ లేని ఇంట్లో నిలబడి ఎవరు బేరమాడగలరు? ఈ పద్ధతి అంతా నడిచేదే ఇక్కడ. ఇల్లు పగలగొట్టేవరకు మాట మనది, పగలగొట్టాక వాళ్లది.

డబ్బు తీసుకుని ఆ పనైనా సరిగ్గా చేశారా అంటే అదీ లేదు. వాటర్‌ప్రూఫింగ్ చేశాక టైల్స్ వేయకముందు బాత్రూమ్ అవుట్‌లెట్లు మూసేసి, నీళ్లు నింపి, కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలేయాలి. తర్వాత కింది ఫ్లాట్ సీలింగ్ తడిసిందేమో చూడాలి. ఆ పరీక్ష చేయాలని మా ఆవిడ వాట్సాప్‌లో రాసి మరీ చెప్పింది. "అలాగే మేడమ్" అన్నారు. మేం ఆఫీసుకి వెళ్లిన రోజు టైల్స్ అతికించేశారు. నెల తిరక్కుండానే కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "బాబూ, మా బాత్రూమ్ పైన చెమ్మ వస్తోంది, ఒకసారి చూడు" అన్నారు. ఆవిడ ఒక్కరే ఉంటారు, పెద్దావిడ. ఆవిడ సీలింగ్ పాడవడం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది. ఆ మెసేజ్ ఉంది కాబట్టే వాళ్లు మళ్లీ టైల్స్ తీసి ఉచితంగా చేశారు. లేకపోతే దానికీ బిల్లు వచ్చేది. ప్రతి మాటా రాతలో పెట్టండి. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత "ఇందాక మీరు ఇలా అన్నారు" అని ఒక మెసేజ్ పెట్టండి.

చెక్కపని దగ్గర మోసం కళ్లకి కనిపించదు. కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని రాస్తారు. ఆ మాటకి విలువ లేదు. ప్లైవుడ్ షీట్ మీద ఐఎస్ఐ ముద్ర, దాని పక్కన నంబర్ ఉంటాయి. ఐఎస్ 303 అంటే మామూలు ఇంటి వాడకం ప్లై. అందులో మళ్లీ ఎంఆర్ (తేమని కొంతవరకే తట్టుకునేది), బీడబ్ల్యూఆర్ (ఇంకాస్త ఎక్కువ తట్టుకునేది) అని రెండు రకాలు. ఐఎస్ 710 అంటే నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూపీ, దీన్నే మెరైన్ ప్లై అంటారు. సింక్ కింద, బాత్రూమ్ తలుపుల దగ్గర ఎంఆర్ వేస్తే కొన్నాళ్లకే ఉబ్బిపోతుంది. ఎక్కడ ఏ నంబర్ షీట్ వేస్తారో, మందం ఎంతో, పైన అతికించే లామినేట్ పొర ఒక మిల్లీమీటరా ఇంకా పలచనిదా, ఇవన్నీ కొటేషన్‌లోనే ఉండాలి. షీట్లు దిగిన రోజు కొయ్యకముందే ముద్ర ఫొటో తీసుకోండి. కోసి లామినేట్ అతికించాక ఏది ఏదో దేవుడికే తెలియాలి.

కొలత సంగతి కూడా అంతే ముఖ్యం. కబోర్డుని ముందు నుంచి వెడల్పు, ఎత్తు కొలిచి చదరపు అడుగుకి రేటు వేయడం ఒక పద్ధతి. లోపలి పలకలన్నీ విడివిడిగా కొలవడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో రేటు తక్కువగా కనిపించి మొత్తం ఎక్కువ తేలుతుంది. పైన లాఫ్ట్‌ని వేరుగా లెక్కేస్తారు. కీళ్లు, డ్రాయర్ ఛానెళ్లు, హ్యాండిళ్లు "హార్డ్‌వేర్ అదనం" అనే రెండు మాటల్లో దాక్కుంటాయి. మాకు లాఫ్ట్ తలుపులు, హార్డ్‌వేర్ కలిపి 64,000 పెరిగింది.

టైల్స్‌కి చదరపు అడుగుకి 45 రూపాయలు లెక్క వేశారు. మాకు చూపించిన ఫొటోల్లోని టైల్ షాపులో 70. 900 చదరపు అడుగులకి 22,500 తేడా. టైల్స్ కోతల్లో ఐదు నుంచి పది శాతం వృథా పోతుంది, అదీ కలుపుకోవాలి. గోడ అంచున వేసే స్కర్టింగ్‌ని అడుగుల పొడవున వేరే లెక్క కడతారు. కొన్ని టైల్స్ ఎక్కువ తీసుకుని ఇంట్లో దాచుకోండి, రేపు ఒకటి పగిలితే అదే షేడ్ దొరకదు.

వైరింగ్‌లో "పాయింట్లు" (లైటు, ఫ్యాను, సాకెట్ లాంటివి ఒక్కోటీ ఒక పాయింట్) లెక్కిస్తారు. మా కొటేషన్‌లో 40 రాశారు, ఇల్లంతా లెక్కపెడితే 63 తేలాయి. ఒక్కోదానికి 900 చొప్పున 23 పాయింట్లకి 20,700. పాయింట్ల సంఖ్య గదివారీగా రాయించుకోండి, వైర్ సైజు కూడా. సాధారణంగా లైట్లకి 1.5, మామూలు సాకెట్లకి 2.5, ఏసీకి, గీజర్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. కొత్తగా ఏసీలు, ఇండక్షన్ పెట్టేవాళ్లు కరెంటు కనెక్షన్ లోడ్ సరిపోతుందో లేదో డిస్కంలో (కరెంటు సరఫరా సంస్థలో) అడగండి. పెంచాలంటే దానికీ డబ్బు కట్టాలి.

ఇప్పుడు మొత్తం చూడండి. అదనపు పనులు 2,17,200. వాటితో కలిపి 9,97,200, జీఎస్టీతో 11,76,696. మొదట ఎక్కువనిపించిన 11,40,000 కన్నా ఇది ఎక్కువే! మిగతా 74,000 అదే కాలనీలో తీసుకున్న ఇంటికి నాలుగు నెలల అద్దె, సామాను రెండుసార్లు మార్చిన ఖర్చు. పని ఆలస్యమైన ప్రతి నెలా అద్దె మన జేబులోంచే పోతుంది, అందుకే ఆలస్యానికి వారానికి ఇంత తగ్గించాలని అగ్రిమెంట్‌లో ఉండాలి. మన ఊళ్లో కార్పెంటర్లు, టైల్స్ పనివాళ్లు చాలామంది రాజస్థాన్, యూపీ, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. హోలీకి, దీపావళికి ఊళ్లకి వెళ్తారు. అది వాళ్ల హక్కు, వాళ్లని తప్పుపట్టలేం. ఆ సంగతి ముందే తెలిసిన కంపెనీ తేదీలు అబద్ధం చెప్పడమే తప్పు.

బడ్జెట్ వేసేటప్పుడు నా సలహా ఇది. మొత్తం పనులన్నీ రాసిన కొటేషన్ తీసుకుని, జీఎస్టీ కలిపి, అద్దె, షిఫ్టింగ్ కలిపి, దాని మీద ఇంకో 15 నుంచి 20 శాతం విడిగా ఉంచండి. ఇల్లు పదిహేనేళ్లు దాటితే 20 శాతం కన్నా తగ్గించకండి. అంత లేకపోతే ఒక బాత్రూమ్, వంటగది ముందు చేయించి, కబోర్డులు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. మధ్యలో డబ్బు చాలక పర్సనల్ లోన్‌కి పరిగెత్తడం కన్నా అది చాలా నయం. ఇంటి రిపేర్ల కోసం బ్యాంకులు ఇచ్చే లోన్ వేరే ఉంటుంది, వడ్డీ సాధారణంగా తక్కువ. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లకి, సొంతంగా ఉంటున్న ఇంటి రిపేర్ల లోన్ వడ్డీ మీద ఏడాదికి 30,000 వరకు మినహాయింపు కూడా ఉంది. సామాను మీరే కొనగలిగితే రాణిగంజ్, ట్రూప్ బజార్‌లలో శానిటరీ, ఎలక్ట్రికల్ రేట్లు ఒక రోజు తిరిగి కనుక్కోండి. కొనకపోయినా కొటేషన్‌లోని రేటు సరైనదో కాదో తెలుస్తుంది.

డబ్బు ఇచ్చే పద్ధతి చాలా ముఖ్యం. మా అగ్రిమెంట్‌లో సంతకానికి సగం, మెటీరియల్ దిగగానే 40 శాతం, చివర్లో 10 శాతం. అంటే కబోర్డు తలుపు బిగించకముందే 90 శాతం వాళ్ల చేతిలో. ఇలాంటి షరతు ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. పదో వంతు అడ్వాన్స్, ఆ తర్వాత పగలగొట్టడం, ప్లంబింగ్ అయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, చెక్కపని అయ్యాక కొంత, ఇలా అయిన పనికే డబ్బు. చివరి పది శాతం ఇంట్లో ఒక నెల ఉన్నాకే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉన్న కేసులు అక్కడికే వెళ్తాయి, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్లలోపు వేయాలి. కొటేషన్, అగ్రిమెంట్, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ల వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు జాగ్రత్తగా దాచండి. మేం కూడా ఇన్‌వాయిస్ ఇవ్వని మొత్తం మీద 1915లో ఫిర్యాదు పెట్టాం, జవాబు కోసం చూస్తున్నాం.

అడ్వాన్స్ ఇచ్చేసి, వచ్చే వారం పగలగొట్టడం మొదలవుతుందనుకుంటున్నవాళ్లు ఈ రోజే ఒక మెసేజ్ పంపండి: పాతవి తీయడం, మట్టి తరలింపు, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, నీళ్లు నింపే పరీక్ష, పాయింట్ల సంఖ్య, ప్లై ఐఎస్ నంబర్, హార్డ్‌వేర్, లాఫ్ట్, స్కర్టింగ్, జీఎస్టీ ఈ ధరలో ఉన్నాయా లేవా, ఒక్కోదానికి జవాబు రాయమనండి. జవాబు రాతలో వచ్చేవరకు సుత్తి పట్టుకున్న మనిషిని ఇంట్లోకి రానివ్వకండి.