పని ఉంటే సర్, బిల్లు అడిగితే వెండర్: తోటి కన్సల్టెంట్లూ, ఈ హెచ్‌ఆర్‌తో జాగ్రత్త

మొన్న సోమవారం జరిగింది. కోపం ఇంకా దిగలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. కంపెనీ పేరు రాయను. హన్మకొండ, కరీంనగర్ నుంచి హైదరాబాద్ కంపెనీలకు ఉద్యోగాల కోసం పిల్లల ప్రొఫైల్స్ (రెజ్యూమెలు) పంపేవాళ్లకు "అగ్రిమెంట్ లీగల్‌లో ఉంది సర్, ఈలోపు ప్రొఫైల్స్ పంపండి" అన్న ఒక్క మాట చాలు, ఎవరో అర్థమైపోతుంది.

ఆ మాట నాతోనూ అన్నారు, నేను నమ్మాను. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కొత్తగా వచ్చిన పిల్లలకు "సంతకం కాకుండా ఒక్క రెజ్యూమె కూడా పంపొద్దు" అని చెప్పే పెద్దమనిషిని కూడా నేనే.

మన ఫీజు రేటు మామూలుదే, ఏడాది ప్యాకేజీలో 8.33 శాతం, అంటే క్యాండిడేట్ ఒక నెల జీతం. మెయిల్‌లో ఓకే అన్నారు. మొదటి అబ్బాయి జనవరిలో చేరాడు, ఆరు లక్షల ప్యాకేజీ. ఫిబ్రవరిలో బిల్లు వేశాను, 49,980 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. బిల్లు వేశాక మన డబ్బు వచ్చినా రాకున్నా పన్ను కట్టక తప్పదు కదా. మార్చి 20 లోపు దాదాపు తొమ్మిది వేలు నా జేబులోంచి కట్టేశాను. నా టర్నోవర్‌కు అసలు జీఎస్టీ అక్కర్లేదు, ఆ నంబర్ లేకుంటే వెండర్ కోడ్ (మనల్ని వాళ్ల లెక్కల్లోకి ఎక్కించుకునే నంబర్) ఇవ్వం అన్నారని తీసుకున్నాను. వాళ్ల దగ్గర వెండర్‌ను అవడానికి నేనే ఎదురు కట్టానన్నమాట.

రెండో అబ్బాయిది నర్సంపేట దగ్గరి ఊరు. ఆటోమేషన్ టెస్టింగ్‌లో ఐదేళ్ల అనుభవం, తెలివైనవాడు, కానీ ఇంటర్వ్యూలో నోరు పెగలదు. రెండు ఆదివారాలు నా ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడించాను. మధ్యలో ఎనిమిది నెలల గ్యాప్ ఎందుకొచ్చిందో దాచకుండా ఎట్లా చెప్పాలో నేర్పాను. పాత కంపెనీ జీతం పెంచుతామంటే వాళ్ల బాపు "ఉన్నది వదులుకుంటావురా" అని అడ్డుపడ్డాడు. ఆయనకు నచ్చజెప్పడానికి బండి మీద ఊరికి పోయి వచ్చాను. మేడారం జాతరకు పోయినప్పుడు కూడా ఆ హెచ్‌ఆర్ మేనేజర్ ఫోన్‌లే. "సర్, ప్లీజ్ సర్, మా డైరెక్టర్ నెత్తిన కూర్చున్నాడు సర్." గద్దెల దగ్గర సిగ్నల్ లేక, ఇంటివాళ్లను జనంలో వదిలేసి పక్కకు వచ్చి మాట్లాడాను. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

రెండు రౌండ్లు అయ్యాక "పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం సర్" అన్నాడు. సరేలే, మన లైన్‌లో మామూలే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

మొదటి అబ్బాయి బిల్లు డబ్బు ఇంకా రాలేదు, ఆ సంగతి తేల్చుకుందామని సోమవారం పొద్దున ఐదింటి బస్సుకు బయల్దేరాను. ఉప్పల్‌లో దిగి, మెట్రో ఎక్కి, పది దాటకముందే వాళ్ల రిసెప్షన్‌లో ఉన్నాను. రిజిస్టర్‌లో పేరు రాస్తే 'పర్పస్' దగ్గర సెక్యూరిటీ ఆయనే 'వెండర్' అని రాసుకున్నాడు. ఆయన తప్పేం లేదు. రెండు గంటలు కూర్చున్నాను. మంచినీళ్లు కూడా ఆ సెక్యూరిటీ ఆయనే తెచ్చిచ్చాడు.

పన్నెండు దాటాక మేనేజర్ గారు బయటికొచ్చారు. లోపలికి కూడా పిలవలేదు, రిసెప్షన్‌లోనే నిలబడి మాట్లాడాడు. "అకౌంట్స్ వాళ్లకు మెయిల్ పెట్టండి, ఇట్లా చెప్పకుండా వస్తే ఎట్లా?" అన్నాడు. నా కన్నా పదేళ్లు చిన్న. జాతరలో "సర్, సర్" అన్న గొంతే ఇది.

అంతలో లిఫ్ట్ తెరుచుకుంది. నర్సంపేట పిల్లగాడు! మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో టీ కప్పు. నన్ను చూసి ముఖం వెలిగిపోయింది. "అన్నా! నా కోసం వచ్చిండ్రా?" అన్నాడు.

వాడికి ఏమీ తెలియదు పాపం. "మీ కన్సల్టెన్సీతో మాకు ఒప్పందం ముగిసిపోయింది, ఈ లింక్‌లో మళ్లీ అప్లై చేయండి" అని వీళ్లే చెప్పారట. నాకు తెలిసే జరిగిందనుకున్నాడు. చేరి మూడు వారాలయింది, తొమ్మిది లక్షల ప్యాకేజీ. అంటే నాకు రావాల్సింది పన్ను కాకుండా 74,970 రూపాయలు.

నేను మేనేజర్ వైపు చూశాను. కనీసం తల దించుకుంటాడనుకున్నాను. దించలేదు. ఆ పిల్లగాడి ముందే, రిసెప్షన్‌లో నలుగురు వింటుండగా అన్నాడు: "ఆ ప్రొఫైల్ మా డేటాబేస్‌లో ముందు నుంచే ఉంది. అయినా మీరు చేసిందేముంది, ఒక మెయిల్ ఫార్వర్డ్ చేశారు. హన్మకొండలో జిరాక్స్ సెంటర్‌వాడు కూడా చేస్తాడు ఆ పని."

నా నోట మాట రాలేదు. నయీంనగర్‌లో మా ఆఫీసు కింద నిజంగానే జిరాక్స్ సెంటర్ ఉంది. ఆయన మాత్రం కాపీకి రెండు రూపాయలు ముందే తీసుకుంటాడు, నా కన్నా తెలివైనవాడు. ఈ జవాబు నాకు ఎప్పుడు తట్టిందనుకున్నారు? తిరుగు బస్సులో, ఘట్‌కేసర్ దాటాక.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. చిన్నప్పుడు మా నాయనమ్మ అనేది. బోడి మల్లన్న ముఖం ఎట్లా ఉంటుందో ఆ రోజు వాళ్ల రిసెప్షన్ అద్దంలో చూసుకున్నాను.

ఒక మాట నిజంగా ఒప్పుకోవాలి. మనలోనూ కడిగిన ముత్యాలు లేరు. పిల్లల్ని అడగకుండానే వాళ్ల రెజ్యూమెలు పది కంపెనీలకు పంపేవాళ్లున్నారు. మొదట్లో నేనూ పంపాను. హెచ్‌ఆర్‌లకు మనమంటే చులకన ఊరికే రాలేదు. అందరు హెచ్‌ఆర్‌లూ ఇట్లా ఉండరు కూడా. నాకు తెలిసిన ఒకావిడ క్యాండిడేట్‌ను వద్దనుకుంటే ఎందుకు వద్దనుకున్నారో ఫోన్ చేసి మరీ చెబుతుంది. ఆవిడ అడిగితే అర్ధరాత్రి కూడా పని చేస్తాను. కానీ నా మీద కోపముంటే నాతో పని మానెయ్యాలి. నేను తయారు చేసిన పిల్లగాడి ముందు నన్ను తీసిపడేయడం దేనికి? డబ్బు పోయినందుకు కాదు, ఆ పిల్లగాడు టీ కప్పు పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు చూడండి, అదే కడుపులో తిప్పుతోంది.

ఇక జాగ్రత్తలు, రెండు మూడే. అగ్రిమెంట్ మీద సంతకం పడేదాకా రెజ్యూమెలో ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ తీసేసి పంపండి. "ఈ కంపెనీకి మీ ద్వారానే వెళ్తున్నాను" అని క్యాండిడేట్ దగ్గర తేదీతో ఒక మెయిల్ తీసుకోండి. మనం పరిచయం చేసిన మనిషిని ఆరు నెలల్లో ఏ దారిన తీసుకున్నా ఫీజు ఇవ్వాలన్న షరతు అగ్రిమెంట్‌లో రాయించండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు) లేకుంటే ఈ రోజే చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల, వ్యాపారాల) చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి మన బిల్లు ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి, ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇవన్నీ నాకు ఎప్పటి నుంచో తెలుసు. రిజిస్ట్రేషన్ మాత్రం 'వచ్చే వారం చేద్దాం' అంటూ నాలుగేళ్లు గడిపాను. నిన్న పూర్తి చేశాను. పాత బిల్లుకు అది పనికిరాదని మా ఆడిటర్ చల్లగా చెప్పాడు.

నిన్న రాత్రి ఆ పిల్లగాడు ఫోన్ చేశాడు. "అన్నా, నా ఆఫర్ లెటర్ కాపీ పంపాల్నా? నీకు సాక్ష్యం అవుతది కదా" అన్నాడు. వద్దు తమ్మీ అన్నాను. ప్రొబేషన్‌లో ఉన్నాడు, ఇంకా మొదటి జీతం కూడా పడలేదు.